శిబిరం కూల్చాక మిగిలే ప్రశ్నలు

2025 మే 7 అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ఐదు నిమిషాలకు మొదలై ఒకటిన్నరకు ముగిసింది ఆపరేషన్ సిందూర్ తొలి దాడి. పాకిస్తాన్ వైపున్న తొమ్మిది ఉగ్రవాద స్థావరాల మీద దెబ్బ పడింది. వాటిలో రెండు పేర్లు మన దేశంలో చాలామందికి ముందే తెలుసు. ఒకటి జైషే మహమ్మద్ కేంద్రమైన బహావల్‌పూర్, రెండోది లష్కరే తోయిబా కేంద్రమైన మురిద్కే. బహావల్‌పూర్ సరిహద్దుకు సుమారు 100 కిలోమీటర్ల లోపల, పాకిస్తాన్‌కు గుండెకాయ లాంటి పంజాబ్ ప్రాంతంలో ఉంది. 1971 యుద్ధం తర్వాత భారత ఆయుధాలు అక్కడిదాకా వెళ్లడం అదే మొదలు.

అంతకు పదిహేను రోజుల ముందు, ఏప్రిల్ 22న, పహల్గాం దగ్గరి బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. మతం అడిగి మరీ, భార్యాబిడ్డల కళ్లముందే. విశాఖపట్నానికీ, నెల్లూరు జిల్లా కావలికీ మృతదేహాలు వచ్చాయి. ఆ రోజుల్లో తెలుగువాళ్ల ఇళ్లలో "ఎప్పుడు కొడతారు?" అన్న మాటే వినపడింది. ఆ కోపం న్యాయమైనదే, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ కొట్టాక ఏం జరగాలి అన్న రెండో ప్రశ్న మన చర్చల్లో దాదాపు లేకుండా పోయింది. తొమ్మిది స్థావరాలు కూలిన ఆ రాత్రి, బైసరన్‌లో తుపాకీ పేల్చిన ముగ్గురూ ఆ తొమ్మిది చోట్లలో ఎక్కడా లేరు. వాళ్లు కశ్మీర్ అడవుల్లోనే ఉన్నారు. జులై 28న శ్రీనగర్ దగ్గరి దాచిగాం అడవిలో హతమయ్యేదాకా అక్కడే తలదాచుకున్నారు.

సైనిక చర్య దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్న చర్చను మన టీవీలు ధైర్యానికీ పిరికితనానికీ మధ్య పందెంగా మార్చేశాయి. అడగాల్సిన ప్రశ్న మాత్రం చాలా సాదాసీదాది. బాంబు వేయాలంటే చిరునామా కావాలి. ఉగ్రవాదంలో చిరునామా ఉన్న భాగం ఎంత, లేని భాగం ఎంత?

సైన్యం గెలిచే చోటు

చిరునామా పూర్తిగా ఉన్నచోట సైన్యం పని ముగించగలదు. ఇస్లామిక్ స్టేట్ 2014లో ఇరాక్‌లోని మోసుల్‌ను పట్టుకుని, సిరియాలోని రక్కాను కలుపుకుని ఏకంగా ఒక రాజ్యాన్నే ప్రకటించింది. పన్నులు వసూలు చేసింది, చమురు అమ్ముకుంది, సొంత కోర్టులు పెట్టుకుంది. రాజ్యమంటూ ఉన్నాక దాన్ని చుట్టుముట్టవచ్చు. 2017 జులైలో మోసుల్ చేజారింది. 2019 మార్చిలో సిరియా తూర్పు అంచున ఉన్న బఘూజ్ గ్రామంతో ఆ రాజ్యం ఆఖరి ముక్క కూడా పోయింది. పోలీసు దర్యాప్తులతోనో, చర్చలతోనో అయ్యే పని కాదది. యజిదీ అనే మైనారిటీ వర్గపు ఆడపిల్లలను బానిసలుగా అమ్ముతున్నవాళ్లను ఆపడానికి ఆయుధం తప్ప మరో దారి లేదనే నేను నమ్ముతాను.

శ్రీలంకలో ఎల్‌టీటీఈ కథ కూడా ఇలాంటిదే. తమిళ పులులుగా పేరుపడ్డ ఆ సంస్థకు సొంత భూభాగం ఉండేది, పడవల దళం ఉండేది, చిన్న విమానాలు కూడా ఉండేవి. 2009 మేలో ముల్లివాయ్‌క్కాల్ తీరంలో అదంతా ముగిసింది. అయితే ఆ చివరి నెలల్లో సముద్రానికీ సైన్యానికీ మధ్య ఇరుక్కుపోయిన తమిళ పౌరులు వేల సంఖ్యలో చనిపోయారు. ఎంతమందో నేటికీ తేలలేదు. లొంగిపోయిన తమ బిడ్డలు ఏమయ్యారో చెప్పమని కిలినొచ్చి, వవునియాల్లో తల్లులు ఏళ్ల తరబడి రోడ్డు పక్కన దీక్షల్లో కూర్చున్నారు. గెలిచిన ప్రతి యుద్ధం వెనకా ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి విజయాన్ని మాత్రమే ఉదాహరణగా చూపడం నిజాయితీ అనిపించుకోదు.

ఇస్లామిక్ స్టేట్ ఎలా పుట్టిందో చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. ఆ సంస్థకు పూర్వరూపమైన ఇరాక్ అల్ ఖైదా నాయకుడు జర్కావీని అమెరికా విమానాలు 2006 జూన్ 7న చంపాయి. ఆ మరుసటి సంవత్సరం నుంచి అమెరికా అక్కడి సున్నీ తెగలను తనవైపు తిప్పుకుని, ఆ సంస్థను దాదాపు కుదేలు చేసింది. ఆ తర్వాత బాగ్దాద్ ప్రభుత్వం ఆ తెగలకు ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు. పక్కన సిరియా అంతర్యుద్ధంలో కూరుకుపోయింది. నాయకుడు పోయిన ఎనిమిదేళ్లకు అతడి వారసులే మోసుల్‌లో జెండా ఎగరేశారు. సైన్యం కొంత వ్యవధి సంపాదించి పెట్టింది. ఆ వ్యవధిలో చేయాల్సిన పని ఎవరూ చేయలేదు.

2001 నుంచి 2025 దాకా

మన సమస్య వీటికంటే చిక్కైనది. శిబిరం పక్క దేశంలో ఉంది. ఆ దేశం దగ్గర అణ్వాయుధాలున్నాయి. పైగా దాడికి మనుషుల్ని పంపేది ఒకరు, వాళ్లను పెంచి పోషించేది మరొకరు. మనం తిరిగి కొట్టినప్పుడు దెబ్బ తగిలేది వేరొకరికి.

2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. వాజ్‌పేయి ప్రభుత్వం ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో దాదాపు 5 లక్షల సైన్యాన్ని సరిహద్దుకు తరలించింది. లోతట్టు కంటోన్మెంట్ల నుంచి దాడి దళాలు సరిహద్దు చేరడానికే సుమారు మూడు వారాలు పట్టింది. ఆలోపు పాకిస్తాన్ తన సైన్యాన్ని ఎదురు మోహరించింది, అమెరికా ఒత్తిడి మొదలైంది. 2002 జనవరి 12న ముషారఫ్ లష్కర్‌ను, జైష్‌ను నిషేధిస్తున్నట్టు టీవీలో ప్రకటించాడు. ఆ సంస్థలు పేర్లు మార్చుకుని పాత చోట్లలోనే కొనసాగాయి. నాలుగు నెలలకు, మే 14న, జమ్ము దగ్గర కాలూచక్‌లో సైనికుల కుటుంబాలున్న క్వార్టర్ల మీద పడి ముప్పై మందికి పైగా చంపారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. సరిహద్దు పొడవునా అంత సైన్యం నిలబడి ఉండగానే జరిగిందిది. పది నెలల తర్వాత ఆ సైన్యం వెనక్కి వచ్చింది. యుద్ధం జరగకుండానే మందుపాతరలకు, ప్రమాదాలకు వందల మంది జవాన్లను కోల్పోయాం.

సైన్యం దాన్నుంచి పాఠం నేర్చుకుంది. రోజుల వ్యవధిలోనే చిన్న దళాలతో సరిహద్దు దాటే ఆలోచన 2004 నుంచి వినిపించింది. దానికి జవాబుగా పాకిస్తాన్ 2011లో నస్ర్ అనే పొట్టి క్షిపణిని పరీక్షించింది. దాని పరిధి 60 కిలోమీటర్లే. సొంత గడ్డ మీదికి వచ్చిన భారత ట్యాంకుల మీద వాడేందుకు చేసిన అణ్వాయుధం అది. దాంతో భూమ్మీది దారి ఇరుకైపోయింది. మిగిలింది ఆకాశం.

2008 నవంబర్ 26న ముంబైలో పది మంది మూడు రోజులపాటు 166 మందిని పొట్టనపెట్టుకున్నారు. మన్మోహన్ సింగ్ ప్రభుత్వం సైనిక దాడి చేయలేదు. దాన్ని చేతకానితనం అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆనాటి విదేశాంగ కార్యదర్శి శివశంకర్ మేనన్ తాను మొదట దాడి వైపే మొగ్గానని, తర్వాత ఆలోచిస్తే నిగ్రహమే సరైనదనిపించిందని ఆ తర్వాత రాశారు. ఆ నిగ్రహం వల్ల ఒక మేలు జరిగింది. కసబ్ ప్రాణాలతో చిక్కాడు, బహిరంగ విచారణ జరిగింది, ప్రపంచం ముందు సాక్ష్యం నిలిచింది. రెక్కీ చేసిన హెడ్లీకి అమెరికా కోర్టు 35 ఏళ్ల శిక్ష వేసింది. హెడ్లీకి సహకరించిన తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్‌లో మనకు అప్పగించారు. ఇంకో పక్క, పాకిస్తాన్‌లోని సూత్రధారులు ఏళ్ల తరబడి దర్జాగా తిరిగారు. ఆ అవమానం మన రాజకీయాల్లో బాగా లోతుగా దిగింది. 2016 తర్వాత నిర్ణయాలన్నిటి వెనకా అదే ఉందని నా అభిప్రాయం.

2016 సెప్టెంబర్ 18న ఉరీలో 19 మంది సైనికులు చనిపోయారు. పదకొండు రోజులకు ప్రత్యేక దళాలు నియంత్రణ రేఖ దాటి శిబిరాల మీద దాడి చేసి వచ్చాయి. తర్వాత రెండు నెలలకే నగ్రోటాలో ఏడుగురు సైనికులు నేలకొరిగారు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. పన్నెండు రోజులకు వైమానిక దళం పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో ఉన్న బాలాకోట్ మీద బాంబులు వేసింది. అక్కడ ఎంత నష్టం జరిగిందన్న వాదన ఇప్పటికీ తెగలేదు. మర్నాడు పాక్ విమానాలు వచ్చాయి. మన పైలట్ ఒకరు వాళ్లకు చిక్కి తిరిగొచ్చారు. ఆ గందరగోళంలో బుద్గాం దగ్గర మన క్షిపణే మన హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. సంయమనం కోల్పోయిన పది నిమిషాల్లో ఏం జరగవచ్చో చెప్పే ఆ ఘటన గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం.

ఇక 2025. తొలి రాత్రి పాక్ సైనిక స్థావరాలను ముట్టుకోలేదని భారత్ ప్రకటించింది. అయినా నాలుగు రోజుల్లో పోరు డ్రోన్లకు, ఫిరంగులకు, చివరికి పాక్ వైమానిక స్థావరాల మీద క్షిపణి దాడులకు చేరింది. రావల్పిండి పక్కనున్న నూర్‌ఖాన్ స్థావరానికీ దెబ్బ తగిలింది. ఇటు పూంచ్‌లో పాక్ ఫిరంగి గుండ్లకు పిల్లలతో సహా పది మందికి పైగా పౌరులు బలయ్యారు. శ్రీ సత్యసాయి జిల్లా నుంచి వెళ్లిన ఒక యువ సైనికుడు నియంత్రణ రేఖ దగ్గర అమరుడయ్యాడు. మన యుద్ధ విమానాలకూ నష్టం జరిగిందని, తప్పు సరిదిద్దుకుని మళ్లీ దాడి చేశామని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నారు. మే 10 మధ్యాహ్నం 3:35కు పాక్ సైనిక కార్యకలాపాల అధిపతి (డీజీఎంఓ) నుంచి ఫోన్ వచ్చింది, సాయంత్రం 5 గంటలకు కాల్పులు ఆగాయి.

మరి భయం పనిచేసిందా?

ఒక్కో దాడికీ ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చాం. ముందు నియంత్రణ రేఖ దాటాం, తర్వాత ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా దాకా, ఆ తర్వాత పంజాబ్ దాకా వెళ్లాం. అణుబాంబు చూపించి భారత్ చేతులు కట్టేయవచ్చన్న రావల్పిండిలోని పాక్ సైనిక నాయకత్వం ధీమా చెదిరింది. ఇది చిన్న విషయం కాదు. సొంత ఇల్లు భద్రంగా ఉంటుందన్న నమ్మకం జైషే అధినేత మసూద్ అజహర్‌కు పోయింది. బహావల్‌పూర్‌లో తన కుటుంబ సభ్యులు పది మంది చనిపోయారని అతడి పేరిటే ప్రకటన వచ్చింది. కానీ అతడు బతికే ఉన్నాడు.

బాలాకోట్ తర్వాత పహల్గాం దాకా ఆరేళ్లు గడిచాయి. భయం పనిచేసిందనడానికి దీన్నే రుజువుగా చూపుతుంటారు. ఆ ఆరేళ్లను దగ్గరగా చూద్దాం. 2018 జూన్ నుంచి 2022 అక్టోబర్ వరకు పాకిస్తాన్ ఎఫ్‌ఏటీఎఫ్ గ్రే లిస్టులో ఉంది. ఉగ్రవాదులకు డబ్బు చేరకుండా చూసే అంతర్జాతీయ సంస్థ అది. ఆ జాబితాలో ఉన్న దేశంతో లావాదేవీలంటే బ్యాంకులు జంకుతాయి, పెట్టుబడి వెనకాడుతుంది. అప్పుల మీద బతికే దేశానికి అది ఊపిరి ఆడనివ్వని ఒత్తిడి. లష్కరే వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌ను 2019 జులైలో అరెస్టు చేసి, 2020లో ఉగ్రవాదులకు నిధులు చేరవేసిన కేసులో శిక్ష వేసింది ఆ ఒత్తిడి వల్లే. ముంబై దాడిని ఫోన్లో నడిపించిన సాజిద్ మీర్ చనిపోయాడని అంతకుముందు చెప్పుకొచ్చిన పాకిస్తాన్, 2022లో అతడికి 15 ఏళ్ల జైలు వేసింది. 2021 ఫిబ్రవరిలో నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ మళ్లీ అమల్లోకి వచ్చింది. కాబట్టి ఆ ఆరేళ్లలో ఎంత భాగం బాలాకోట్ మీదికి వెళ్లిన మిరాజ్ విమానాలది, ఎంత భాగం బ్యాంకు గుమస్తాలదో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా ఆ ఆరేళ్లూ ప్రశాంతంగా గడిచాయనడమూ సరికాదు. పూంచ్, రాజౌరీ అడవుల్లో సైనిక వాహనాల మీద మాటు దాడులు సాగుతూనే ఉన్నాయి. 2024 జూన్‌లో రియాసీలో యాత్రికుల బస్సు మీద కాల్పులు జరిపి తొమ్మిది మందిని చంపారు.

ఇంకో ఇబ్బందికరమైన నిజం ఉంది. భయపెట్టి ఆపాలంటే, నిర్ణయం తీసుకునేవాడికి నష్టం కలగాలి. 2025 మేకు ముందు పాకిస్తాన్‌లో సైన్యాధిపతి అసిమ్ మునీర్ మీద జనానికి, ముఖ్యంగా ఇమ్రాన్ ఖాన్ అభిమానులకు, కోపం ఉండేది. నాలుగు రోజుల పోరు తర్వాత, మే 20న, ఆయన ఫీల్డ్ మార్షల్ అయ్యారు. నవంబర్‌లో రాజ్యాంగాన్నే సవరించి త్రివిధ దళాల మీద ఆయనకు పెత్తనం కట్టబెట్టారు. మన దాడి వల్ల రాళ్లు కూలాయి, మనుషులు పోయారు. ఉగ్రవాదాన్ని సాధనంగా వాడే వ్యవస్థ మాత్రం బలపడింది. దాడి చేయకూడదని దీనర్థం కాదు. దాడి ఒక్కటే లెక్క సరిచేస్తుందని అనుకోకూడదని మాత్రమే.

మే 12న ప్రధాని మోదీ కొత్త విధానం ప్రకటించారు. ఏ ఉగ్రదాడి జరిగినా తగిన జవాబు ఉంటుందని, అణు బెదిరింపులను సహించబోమని, ఉగ్రవాదులనూ వాళ్లను పోషించే ప్రభుత్వాన్నీ వేరుగా చూడబోమని చెప్పారు. వినడానికి దిటవుగా ఉంది. అయితే ఇలాంటి మాట ఇచ్చేసినప్పుడు యుద్ధం ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించే అధికారంలో కొంత భాగం తుపాకీ పట్టుకున్న ముగ్గురు కుర్రాళ్ల చేతికి పోతుంది. రెండు అణ్వస్త్ర దేశాలు కొట్టుకుంటే చాలనుకునే ముఠాకు అంతకంటే కావాల్సిందేముంది?

ఆ విధానానికి ఆరు నెలల్లోనే పరీక్ష ఎదురైంది. నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలి పది మందికి పైగా చనిపోయారు. అది ఉగ్రవాద ఘటనేనని కేంద్ర మంత్రివర్గం ప్రకటించింది. సైనిక దాడి మాత్రం చేయలేదు. చేయకపోవడమే సరైనదని నేననుకుంటాను. ఎందుకంటే దర్యాప్తు సంస్థలు చెబుతున్న ప్రకారం ఆ ముఠాలో ఉన్నది ఫరీదాబాద్‌లోని వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్లు. వాళ్ల గిడ్డంగి అద్దె గది. అక్కడ 2,900 కిలోల పేలుడు సామగ్రి దొరికింది. ఏ క్షిపణి గురిపెట్టాలి దాని మీద? ఆ కూపీ దొరికింది శ్రీనగర్ శివారు నౌగాంలో. అక్టోబర్‌లో గోడల మీద జైషే పేరుతో అతికించిన పోస్టర్లు స్థానిక పోలీసుల కంటపడ్డాయి. ఎవరో అల్లరి మూకలే అని వదిలేయకుండా వాళ్లు తీగ లాగారు, ఫరీదాబాద్ డొంక కదిలింది. ఒక కారు తప్పించుకుని ఢిల్లీ చేరింది. మిగిలినదంతా పేలి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. ఆ దర్యాప్తులో పనిచేసినవాళ్లలో కొందరు నాలుగు రోజుల తర్వాత, పట్టుకొచ్చిన పేలుడు పదార్థాల నమూనాలు తీస్తుండగా స్టేషన్లోనే జరిగిన ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల గురించి టీవీల్లో పెద్దగా చర్చలు జరగలేదు.

అమృత్‌సర్‌లో రెండుసార్లు

ఒకే చోట, ఒకే సమస్యకు రెండు రకాల చికిత్స జరిగితే పోల్చి చూడటం తేలిక. మన దేశంలో అలాంటి చోటు స్వర్ణదేవాలయం.

1984 జూన్‌లో ఆపరేషన్ బ్లూస్టార్. సిక్కు మిలిటెంట్ నాయకుడు భింద్రన్‌వాలే అనుచరులు ఆలయాన్ని కోటగా మార్చుకున్నారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. గురు అర్జన్ దేవ్ వర్ధంతి రోజులు కావడంతో లోపల వేలమంది భక్తులున్నారు. పత్రికల వాళ్లను పంజాబ్ నుంచి పంపించేశారు. చివరికి ట్యాంకులు ఆలయ ప్రాంగణంలోని అకాల్ తఖ్త్ మీద గుండ్లు కురిపించాయి. సైనికులు 83 మంది, ఇతరులు 493 మంది చనిపోయారని ప్రభుత్వ శ్వేతపత్రం చెప్పింది. మృతులు అంతకంటే చాలా ఎక్కువని సిక్కు సమాజం నేటికీ నమ్ముతుంది. భింద్రన్‌వాలే హతమయ్యాడు కాబట్టి సైనిక లక్ష్యం నెరవేరింది. ఆ వెంటనే సిక్కు సైనికులు కొన్ని యూనిట్లలో తిరగబడ్డారు. అక్టోబర్ 31న ఇందిరా గాంధీ హత్య, ఆపైన ఢిల్లీ వీధుల్లో సిక్కుల ఊచకోత. మరుసటి ఏడాది జూన్‌లో ఎయిరిండియా కనిష్క విమానం పేల్చివేతలో 329 మంది బలి. ఆనాటి సైన్యాధిపతి జనరల్ వైద్యను 1986లో పుణెలో కాల్చి చంపారు. ఉగ్రవాద ముఠాల్లో చేరేవాళ్లు తగ్గకపోగా పెరిగారు.

1988 మేలో అదే ఆలయంలో మళ్లీ మిలిటెంట్లు చేరారు. ఈసారి చేసింది ఆపరేషన్ బ్లాక్ థండర్. పంజాబ్ పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్, కేంద్ర కమాండోలైన ఎన్‌ఎస్‌జీ దళాలు లోపలికి చొరబడలేదు. ఆలయాన్ని చుట్టుముట్టి నీళ్లు, కరెంటు ఆపేశారు. చుట్టుపక్కల మేడల మీద గురి తప్పని షూటర్లను కూర్చోబెట్టారు. అన్నిటికంటే ముఖ్యంగా, విలేకరులను పిలిచి చూడమన్నారు. పది రోజుల్లో దాదాపు 200 మంది చేతులెత్తి బయటికి నడిచి వచ్చారు. ఆ దృశ్యం దేశమంతా చూసింది. పవిత్రస్థలంలో వాళ్లు చేసిన పాడుపనులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అమరవీరులమని చెప్పుకునే అవకాశం వాళ్లకు దక్కలేదు.

దీన్ని పోలీసులను పొగిడే పాటగా పాడేసి ఊరుకోవడం నాకిష్టం లేదు. పంజాబ్‌లో హింస ఆ తర్వాత కూడా ఐదేళ్లు సాగింది. 1991 చివర్లో సైన్యం మళ్లీ వచ్చింది, ఈసారి పోలీసులకు దన్నుగా. 1993 నాటికి అంతా సద్దుమణిగింది. పంచాయతీ ఎన్నికల్లో జనం బారులు తీరారు. ఆ శాంతి వెనక మాయమైపోయిన యువకులు వేలల్లో ఉన్నారు. ఒక్క అమృత్‌సర్ జిల్లాలోనే పోలీసులు 2,097 మృతదేహాలను చట్టవిరుద్ధంగా దహనం చేశారని సీబీఐ తేల్చింది. ఆ సంగతి బయటపెట్టిన జస్వంత్ సింగ్ ఖల్రాను 1995లో పోలీసులే ఎత్తుకెళ్లి చంపేశారు. పోలీసు దారి కూడా చట్టం గీత దాటితే కొత్త గాయాలు చేస్తుంది. పంజాబ్‌లో అవి ఇంకా మానలేదు.

హైదరాబాద్ అనుభవం

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ రెండు పేలుళ్లు. చేసింది ఇండియన్ ముజాహిదీన్. ఆ సంస్థకు శిబిరం లేదు, యూనిఫాం లేదు. అద్దె గదులు, సైకిళ్లు, టిఫిన్ డబ్బాలు, మారుపేర్లతో తీసుకున్న సిమ్ కార్డులే దాని సరంజామా. 2013 ఆగస్టులో నేపాల్ సరిహద్దులో ఆ సంస్థ నాయకుడు యాసిన్ భత్కల్ చిక్కాడు. 2016 డిసెంబర్‌లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) ప్రత్యేక కోర్టు దిల్‌సుఖ్‌నగర్ కేసులో అతడితో సహా ఐదుగురికి మరణశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఒకప్పుడు నగరం తర్వాత నగరాన్ని వణికించిన ఆ ముఠా చెల్లాచెదురైంది. దానికోసం ఒక్క విమానం లేవలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మావోయిస్టుల మీద సైన్యాన్ని దింపలేదు. 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్‌ను ఏర్పాటు చేశారు. స్థానిక భాష, అడవి దారి తెలిసిన చిన్న దళాలు, వాటి వెనక స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో సమాచారం, పక్కనే లొంగుబాటు పథకం, ఏజెన్సీలో రోడ్లు కలిసి పనిచేశాయి. బూటకపు ఎన్‌కౌంటర్ల ఆరోపణలు కూడా దాని చరిత్రలో భాగమే, దాచాల్సిన పని లేదు. కానీ ఒక రాష్ట్రంలో సాయుధ ఉద్యమం వెనక్కి తగ్గింది బలగాల సంఖ్యతో కాదని, సమాచారంతోనని ఉత్తరాది రాష్ట్రాలు మన దగ్గరికి వచ్చి నేర్చుకున్నాయి.

ప్రపంచం మొత్తం మీద లెక్క తీసినా ఇదే కనిపిస్తుంది. అమెరికా రక్షణ శాఖకు సలహాలిచ్చే రాండ్ సంస్థ 1968 నుంచి 2006 దాకా ఉన్న 648 ఉగ్రవాద సంస్థలను పరిశీలించి 2008లో నివేదిక ఇచ్చింది. అంతమైన సంస్థల్లో 43 శాతం రాజకీయాల్లోకి వచ్చి ఆయుధం వదిలాయి. 40 శాతం పోలీసు, నిఘా పనితో ముగిశాయి. సైనిక బలంతో అంతమైనవి 7 శాతం. ఆ నివేదిక వచ్చేనాటికి అమెరికా అఫ్గానిస్తాన్‌లో ఏడో ఏట ఉంది, మరో పదమూడేళ్లు ఉండిపోయింది. బిన్ లాడెన్ చివరికి దొరికింది కాందహార్ కొండల్లో కాదు, అబొట్టాబాద్‌లో పాక్ సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో. ఒక వార్తాహరుడిని ఏళ్ల తరబడి వెంబడించి పట్టుకున్న ఇల్లు అది. కమాండోలకు పని నలభై నిమిషాలే. కాబూల్ 2021 ఆగస్టు 15న మళ్లీ తాలిబాన్ చేతికి వెళ్లిపోయింది.

దాచిగాంలో ముగిసిన వేట కూడా అలాగే సాగింది. తూటా పేల్చింది సైన్యమే. దానికి ముందు నెలల తరబడి సిగ్నళ్లు పట్టుకున్నారు. వాళ్లకు ఆశ్రయమిచ్చిన ఇద్దరిని ఎన్‌ఐఏ జూన్‌లో అరెస్టు చేసింది. అడవిలో దొరికిన తుపాకుల తూటాలను బైసరన్‌లో దొరికిన ఖాళీ తూటాలతో చండీగఢ్ ప్రయోగశాలలో పోల్చి, వీళ్లే వాళ్లని తేల్చారు. సైన్యం, పోలీసు, ప్రయోగశాల, కోర్టు ఒకే తాడు పట్టుకుని లాగిన సందర్భమది. దానికి పట్టిన కాలం 97 రోజులు. ఇంత ఓపిక ఎన్నికల రాజకీయానికి గిట్టదు, టీవీకి అసలే గిట్టదు.

ఇంకొక బలం గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. పహల్గాం మర్నాడు కశ్మీర్ లోయ మొత్తం తనంతట తాను మూతపడింది. మసీదుల్లో సంతాపం చెప్పారు, కొవ్వొత్తులతో నడిచారు. పర్యాటకులను కాపాడబోయి ఒక స్థానిక గుర్రపువాడు బైసరన్‌లోనే చనిపోయాడు. లోయలో ముప్పై ఏళ్లలో అరుదుగా కనిపించిన విషయమిది. పోస్టర్ చూసి చెప్పేవాడు, అద్దె గదిలో ఏదో తేడాగా ఉందని ఫోన్ చేసేవాడు రేపు అక్కడినుంచే రావాలి. అలాంటి వారంలోనే అనుమానితుల కుటుంబాల ఇళ్లను పేల్చివేశారు. దేశంలోని ఇతర నగరాల్లో కశ్మీరీ విద్యార్థులను కొట్టారు. అమాయకులను దూరం చేసుకోవద్దని ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా బతిమాలాల్సి వచ్చింది.

ఇప్పుడు ఢిల్లీకీ ఇస్లామాబాద్‌కూ మధ్య హైకమిషనర్లు లేరు, 2019 నుంచే లేరు. సైనిక ప్రతినిధులనూ 2025 ఏప్రిల్‌లో పంపించేశారు. సింధు జలాల ఒప్పందం పక్కన పెట్టేశారు. మిగిలింది డీజీఎంఓల ఫోన్ ఒక్కటే. ఈసారి దాడి జరిగితే ఎక్కడ ఆగాలో ముందే అనుకుని మొదలుపెట్టాలి, ఎందుకంటే మధ్యలో ఆపించే తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

కార్గిల్ యుద్ధం ముగిసిన మూడు రోజులకే వాజ్‌పేయి ప్రభుత్వం రక్షణ వ్యవహారాల నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సమీక్షా కమిటీ వేసింది. 2000 ఫిబ్రవరిలో ఆ నివేదికను పార్లమెంటు ముందు పెట్టింది. నిఘా ఎక్కడ విఫలమైందో అందులో రాసుంది, దాన్ని ఆధారం చేసుకునే తర్వాతి సంస్కరణలు వచ్చాయి. బైసరన్‌లో భద్రతా లోపం జరిగిందని, దానికి తనదే బాధ్యతని జమ్ము కశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా 2025 జులైలో చెప్పారు. అంతమంది పర్యాటకులు వెళ్లే మైదానంలో ఒక్క జవాను ఎందుకు లేడు, సిందూర్ మొదటి రోజు మన విమానాలు ఎందుకు పోయాయి, ఏ లక్ష్యంతో మొదలుపెట్టి ఏది సాధించాక ఆగాం అన్నవి దేశద్రోహపు ప్రశ్నలు కావు. కార్గిల్ లాంటి కమిటీ ఒకటి వేసి, వాటికి జవాబులు పార్లమెంటులో పెట్టమని పహల్గాం బాధిత కుటుంబాల తరఫున అడగాల్సింది మనమే, మన ఎంపీలే.